ఊరి చందా ఏటా అన్నదానానికేనా? భక్తి ఒక మాట, లెక్క ఒక మాట

కట్టమీద మర్రి:
అందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లాలో మిరప, పొగాకు, శనగ పండే మెట్ట ఊరు. ఊరు వదిలి హైదరాబాదు, బెంగళూరు, అమెరికా చేరినవాళ్లం ఏటా చందాలు వేసుకుని శ్రీరామనవమికి గుడి దగ్గర అన్నదానం చేయిస్తాం. ఈసారి చందా రెండు లక్షల ఎనభై వేలు దాటింది. దాంతో గొడవా మొదలైంది. కుర్రవాళ్లు "మధ్యాహ్నం పెట్టిన భోజనం రాత్రికి అరిగిపోతుంది, శాశ్వతంగా నిలిచే పని చేద్దాం" అంటున్నారు. పెద్దలు "నలభై ఏళ్ల ఆనవాయితీ, ఆపితే ఊరికి మంచిది కాదు" అంటున్నారు. చందాదారుల్లో చర్చికి వెళ్లేవాళ్లున్నారు, మసీదుకు వెళ్లేవాళ్లున్నారు, ఎక్కడికీ వెళ్లనివాళ్లూ ఉన్నారు.

నా ప్రశ్న ఒక్కటే. పేదవాడికి ఏది నిజంగా పనికొస్తుందో తెలుసుకునే దారి ఏమిటి? ఆర్థికశాస్త్రం చదివినవాళ్లూ, భక్తి ఉన్నవాళ్లూ ఇద్దరూ చెప్పండి.

డల్లాస్ దోసె:
ఇందులో ఆలోచించడానికి ఏముంది? ఇరవై మంది ఆడవాళ్లకు కుట్టుమిషన్లు, బడిపిల్లలకు నోటుపుస్తకాలు, సంచులు ఇద్దాం. నా వంతు ఇంకో ఐదు వందల డాలర్లు రాసుకోండి.

రిటైర్డ్ క్యాషియర్:
దోసె గారూ, నేను ముప్పై మూడేళ్లు గ్రామీణ శాఖల్లో పనిచేశాను. కుట్టుమిషన్ల అప్పులు ఎన్ని మంజూరు చేశామో, అందులో ఎన్ని మిషన్లు అటక ఎక్కాయో చెబితే మీకు నిద్ర పట్టదు. ఒక ఊళ్లో జాకెట్లు కుట్టించుకునేవాళ్లు ఎంతమంది? ఇద్దరు దర్జీలు ఉన్నచోట ఇరవై రెండో మిషన్ దించితే బేరం పెరగదు, కుట్టుకూలి పడిపోతుంది. మొదట నష్టపోయేది అప్పటికే కుట్టుకుని బతుకుతున్న ఆ ఇద్దరు.

ఇంకో సంగతి. మీరు ఇప్పుడు అమెరికా పౌరులా, భారత పౌరులా? భారత పౌరులైతే మామూలుగా బ్యాంకు ద్వారా పంపవచ్చు. పౌరసత్వం మారితే మాత్రం సంస్థకు ఇచ్చే డబ్బు విదేశీ విరాళం కిందికి వస్తుంది. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద నమోదు లేని ఊరి కమిటీ దాన్ని తీసుకోకూడదు. ముందు ఇది తేల్చుకోండి.

డల్లాస్ దోసె:
ఇంకా భారత పాస్‌పోర్టే సార్. గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నాను, నా మనవలకైనా వస్తుందేమో.

పాఠాల పంతులు:
డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం చెబుతాను. క్యాషియర్ గారి మాట అనుభవం నుంచి వచ్చింది, పరిశోధనల్లోనూ అలాంటివే తేలాయి. రెండు ఉదాహరణలు చెబుతాను, రెండూ మన నేలమీదివే.

మొదటిది నోటుపుస్తకాలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని ప్రభుత్వ పాఠశాలలకు పుస్తకాలు, పలకలు, పెన్సిళ్లు కొనుక్కోవడానికి అదనపు నిధులిచ్చి పిల్లల చదువు ఎంత పెరిగిందో చూశారు. మొదటి ఏడు చదువు మెరుగుపడింది. రెండో ఏడు నిధులు వస్తాయని తల్లిదండ్రులకు ముందే తెలుసు కాబట్టి తాము పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు. ఆ డబ్బు ఇంట్లో మరో అవసరానికి పోయింది, చదువులో చెప్పుకోదగ్గ పెరుగుదల కనిపించలేదు. తల్లిదండ్రుల తప్పేమీ లేదు, ఎవరమైనా అదే చేస్తాం. కానీ "పుస్తకాలు ఇచ్చాం కాబట్టి చదువు పెరిగింది" అని రాసుకునే కమిటీ నివేదిక మాత్రం అబద్ధమవుతుంది.

రెండోది ఇంకా ఆసక్తికరం. పశ్చిమ బెంగాల్‌లోని ముర్షీదాబాద్ జిల్లాలో కడు పేద కుటుంబాలకు ఆవో మేకలో ఇచ్చి, కొన్ని వారాలు తిండి ఖర్చుకు డబ్బిచ్చి, పద్దెనిమిది నెలలు వారం వారం ఒక మనిషిని పంపి నేర్పించారు. పదేళ్ల తరువాత వెళ్లి చూసినా ఆ కుటుంబాలు మిగతావారికన్నా మెరుగ్గానే ఉన్నాయి. దాదాపు అదే పథకాన్ని మన మెదక్ జిల్లాలో పెట్టారు. ఫలితం సున్నా. కారణం విచిత్రం. ఇక్కడ అప్పుడు కూలిపనులు బాగా దొరుకుతున్నాయి, కూలి రేట్లూ పెరుగుతున్నాయి. గేదెను చూసుకోవడానికి కూలి మానుకున్నవారికి పాల మీద వచ్చిన డబ్బు, పోయిన కూలి దాదాపు సరిపోయాయి. పథకంలో లేనివాళ్లు కూలికి వెళ్లి అంతే బాగుపడ్డారు. కొందరు పశువుల్ని అమ్మేసుకున్నారు కూడా.

పథకం అదే, మనుషులు పడిన కష్టమూ అదే. ఊరు మారింది, ఊళ్లో ప్రత్యామ్నాయం మారింది. అందుకే "ఏమిద్దాం" అనే ప్రశ్నకు ముందు "మనం ఇవ్వకపోతే వాళ్లు ఏం చేస్తున్నారు" అని అడగాలి.

బెజవాడ హేతువు:
పంతులు గారి పాఠం బాగుంది. ఇందులో దేవుడికి పనేమిటో నాకు అర్థం కాలేదు. చందా పోగు చేయండి, నిపుణుల్ని అడగండి, ఖర్చు పెట్టండి. గుడి, చర్చి, మసీదు మధ్యలోకి వస్తే పేదవాడు పక్కకు పోతాడు, పుణ్యం ముందుకొస్తుంది. దానం చేసేవాడు తన పరలోకం కోసం చేస్తున్నాడు. ఆకలిగొన్నవాడు అందులో ఒక సాధనం.

గోదావరి గట్టు:
హేతువు గారూ, డొక్కా సీతమ్మ గారి పేరు వినని తెలుగువారు తక్కువ. 1841 నుంచి 1909 వరకు బతికిన మనిషి. కోనసీమలో లంకల గన్నవరం. వేళాపాళా లేకుండా, కులం అడగకుండా, వచ్చినవాడికల్లా వండి పెట్టింది. లంకల్లో గోదావరి దాటాలంటే పడవ కోసం గంటలు కాచుకోవాలి. పూటకూళ్లు దొరకని చోటు అది. అక్కడ ప్రయాణికుడికి అన్నం పెట్టడం కన్నా పనికొచ్చే సాయం ఏముంది? ఆమె ఏ లెక్కలూ చదవలేదు. కానీ చోటు సరైనది, సమయం సరైనది, మనిషి సరైనవాడు. దేశ కాల పాత్రలు చూసి, తిరిగి ఉపకారం చేయలేనివాడికి ఇచ్చేదే సాత్త్విక దానమని గీతలో ఉంది. పంతులు గారు మెదక్ గురించి చెప్పింది కూడా అదే కదా!

పాఠాల పంతులు:
ఇంచుమించు అదే. నా పరీక్ష పేపర్లో ఈ జవాబు రాస్తే మార్కులు వేస్తాను.

హేతువు గారికి ఒక మాట. మతం ప్రభావాన్నే కొలిచిన పరిశోధన ఒకటుంది. ఫిలిప్పీన్స్‌లో ఒక క్రైస్తవ సంస్థ పేద కుటుంబాలకు ఆరోగ్యం, జీవనోపాధి పాఠాలతో పాటు దైవ విశ్వాసం గురించి కూడా చెప్పేది. ఆ మత పాఠాలు ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో చీటీలు తీసినట్టు నిర్ణయించి, తరువాత తేడా చూశారు. ఆరు నెలలకు మతనిష్ఠ పెరిగింది, ఆదాయం కూడా కొంత పెరిగింది. కానీ ఇంటి ఖర్చులో, తిండి భద్రతలో మార్పు లేదు. పైగా చుట్టుపక్కల వారితో పోల్చుకుని తాము తక్కువ స్థితిలో ఉన్నామనే భావన పెరిగింది. భక్తులూ నాస్తికులూ ఇద్దరూ సంబరపడటానికి వీల్లేని ఫలితం.

ఒంగోలు వాసి:
మర్రి గారూ, మీది మా జిల్లాయే కాబట్టి మన దగ్గర జరిగిన కథ చెబుతాను. ఈ రోజు బకింగ్‌హామ్ కాలువ గట్టు మీద నడిచేవాళ్లలో చాలామందికి ఇది తెలియదు.

1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని తినేసిన ధాత కరువులో యాభై లక్షలకు పైగా జనం చనిపోయారు. గమనించండి, ఆ రోజుల్లో దేశం నుంచి ధాన్యం ఎగుమతి ఆగలేదు. రైళ్లు నడుస్తున్నాయి, బజారులో గింజలున్నాయి. కూలివాడి దగ్గర కొనే డబ్బు లేదు. ఆర్థికవేత్త అమర్త్య సేన్ తరువాతెప్పుడో సిద్ధాంతంగా చెప్పిన సంగతి మన జిల్లా జనం శరీరాలతో చూశారు. ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. ఖర్చు తగ్గించడానికి ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ మగ మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. మట్టి మోసే మనిషికి అది చావు కూలి అని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ పోరాడి కొంత పెంచగలిగాడు.

ఆ సమయంలో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉన్నాడు. మా అమ్మమ్మ తరం "క్లౌ దొర" అనేవారు. ఆయన మత ప్రచారానికి వచ్చే ముందు సర్వేయరు పని చేసిన మనిషి. గంజి కేంద్రం పెట్టి ఊరుకోలేదు. కరువు పనుల కింద తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని తానే గుత్తకు తీసుకున్నాడు. తన బోధకుల్నే మేస్త్రీలుగా నిలబెట్టాడు. పనికి వచ్చినవారు ఎక్కువగా మాదిగపల్లెల వారు. గుత్త ఆయనదే కాబట్టి కూలి ఎంత, ఎప్పుడు, ఎవరి చేతికి అన్నది ఆయన చేతిలో ఉంది. మధ్యలో మింగేవాడు లేడు. పనిచేసే చోట తిట్టేవాడు లేడు. ఇటు కూలి వచ్చింది, అటు కాలువ మిగిలింది.

ఇక అసలు సంగతి. కరువు సాయం నడిచినంత కాలం, దాదాపు పదిహేను నెలలు, క్లౌ ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని. సాయం ఆగిపోయాక కూడా అడిగినవారికే ఇచ్చాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి.

నాకు ఇందులో నచ్చింది సంఖ్య కాదు. సాయానికీ, సాయం చేసేవాడు ఆశించే ఫలానికీ మధ్య ఆయన గోడ కట్టాడు. ఆ గోడ కట్టింది ఆయన విశ్వాసమే.

బెజవాడ హేతువు:
గోడ కట్టాడు సరే, గోడ తలుపు తీయగానే ఇన్ని వేల మంది ఎలా వచ్చారు? ప్రాణం నిలబెట్టినవాడి దేవుణ్ణి నమ్మడం కూడా ఒక ధరే. రసీదు ఇవ్వలేదు, అంతే.

ఒంగోలు వాసి:
న్యాయమైన ప్రశ్న. కానీ ఆ ఉద్యమం కరువుతో పుట్టలేదు. యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద 1866లోనే, అంటే కరువుకు పదేళ్ల ముందే బాప్తిస్మం పొంది పల్లె పల్లె తిరిగాడు. ఊరి బావి దగ్గరికి రానివ్వని సమాజంలో ఉన్నవాడికి తనను మనిషిగా చూసిన చోటికి వెళ్లాలనిపించడానికి కరువే కావాలా? వాళ్లకు సొంత బుద్ధి లేదన్నట్టు మాట్లాడటం నాకు బాధ కలిగిస్తుంది.

బెజవాడ హేతువు:
వాళ్ల బుద్ధిని నేను తక్కువ చేయలేదు. ఇచ్చేవాడి చేతిలో బలం ఎక్కువ, అది చెప్పాను. మీ దొర ఆ బలాన్ని గుర్తించి జాగ్రత్తపడ్డాడని ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. ఈ కాలపు దాతల్లో అంత జాగ్రత్త చూపించండి చూద్దాం.

నిర్వాహకులు:
మత మార్పిడుల మీద విడిగా చర్చ ఉంది. ఇక్కడ మర్రి గారి రెండు లక్షల ఎనభై వేల గురించి మాట్లాడండి.

చార్మినార్ చాయ్:
సలాం, నమస్కారం. మా వైపు నుంచి ఒక మాట. జకాత్ అనేది దానం కాదు, బాకీ. ఏడున్నర తులాల బంగారమో, యాభై రెండున్నర తులాల వెండో, దానికి సమానమైన సొత్తో చాంద్రమాన సంవత్సరం పాటు ఉంటే అందులో రెండున్నర శాతం పేదవాడిది. (ఈ తులం పాతది, పదకొండు గ్రాముల చిల్లర. ఇప్పటి నగల కొట్టు పది గ్రాముల తులం కాదు. ప్రతి రంజానుకూ మా ఇంట్లో ఈ వాదన తప్పదు.) బాకీ తీర్చేవాడు మెహర్బానీ చూపించకూడదు.

ఇందులో ఆర్థికవేత్తలకు నచ్చే నియమం ఒకటుంది. హనఫీ పద్ధతిలో (ఇస్లాం ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకటి) జకాత్ సొమ్ము పేదవాడి సొంతం కావాలి. ఆ డబ్బుతో నేను కమ్యూనిటీ హాలు కట్టి, గోడ మీద నా పేరు చెక్కించి, "ఇది పేదల కోసమే" అంటే చెల్లదు. అతని చేతిలో పడాలి, దేనికి ఖర్చు పెట్టాలో అతనే చూసుకుంటాడు. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాల్లో అప్పుల్లో మునిగినవాళ్లు ఒకరు. మా బస్తీలో ఒక పెద్దాయన ఏటా తన జకాత్‌తో ఒక్కరిదో ఇద్దరిదో వడ్డీ అప్పు పూర్తిగా తీర్చేస్తాడు. ఇరవై మందికి తలా కొంచెం పంచడు. ఒక మనిషి నెల నెలా కట్టే వడ్డీ ఆగిపోతే ఆ ఇంటికి అది జీతం పెరిగినట్టే.

జకాత్‌ను సాధారణంగా ముస్లిం పేదలకే ఇస్తారు. సదఖాకు, అంటే ఇష్టపూర్వకంగా చేసే దానానికి, ఆ హద్దు లేదు, ఎవరికైనా ఇవ్వవచ్చు. మీ ఊరి చందా లాంటివాటికి నేను సదఖా ఇస్తాను.

రిటైర్డ్ క్యాషియర్:
చాయ్ గారూ, నగదు చేతికిస్తే సగం మంది బెల్టు షాపుకే వెళ్తారు. నేను కళ్లారా చూశాను.

పాఠాల పంతులు:
క్యాషియర్ గారూ, మీరు చూసింది అబద్ధమని అనను. కానీ అనేక దేశాల్లో పేదలకు నగదు ఇచ్చిన పథకాలను కలిపి పరిశీలిస్తే మద్యం, పొగాకు మీద ఖర్చు పెరిగినట్టు తేలలేదు. తాగేవాడు మనకు రోడ్డు మీద కనిపిస్తాడు. ఆ డబ్బుతో రేకు మార్పించుకున్నవాళ్ల ఇంటి పైకప్పు వైపు మనం చూడం.

పొదుపు లీడర్:
అన్నయ్యలూ, నేను మర్రి గారి పక్క మండలంలోనే ఉంటాను. పదహారేళ్లుగా పొదుపు సంఘం పుస్తకాలు రాస్తున్నాను. మీరంతా చదువుకున్నవాళ్లు. కానీ ఇంతసేపూ పేదవాడికి ఏం కావాలో అని మాట్లాడుకున్నారు కానీ, పేదవాణ్ణి అడిగామని ఒక్కరూ అనలేదు. పైగా పేదవాడంటే మగవాడే అన్నట్టు రాస్తున్నారు.

మీ అన్నదానం సంగతి ముందు. రేషను బియ్యం వస్తున్నాయి కాబట్టి మా పల్లెల్లో అన్నం లేక పస్తులున్న ఇల్లు ఈ రోజుల్లో అరుదు. పప్పు, కూర, పాలు కొరతే. నవమి రోజు ఎవరింట్లోనైనా పొయ్యి వెలుగుతుంది. నడవలేని ముసలివాళ్లు గుడి దాకా రాలేరు, వాళ్లకు ఎవరూ క్యారియరు పంపరు. కాలనీ వాళ్లు కావాలనే ఆలస్యంగా వస్తారు. మొదటి బంతిలో కూర్చుంటే ఎవరేమంటారోనని. చివరి బంతికి పులిహోర అయిపోతుంది, పప్పు నీళ్లవుతుంది. మీ వాట్సాప్ ఫోటోల్లో మొదటి బంతే ఉంటుంది.

ఇక నగదు ఎప్పుడు లేక గిలగిలలాడతామంటే జూన్‌లో. మిరప కోతలు, పొగాకు పని అయిపోయి ఉంటాయి, వానలు పడవు, బడులు తెరుస్తారు. అప్పుడు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తారు. అంటే ఏడాదికి ముప్పై ఆరు.

ఇంకో సంగతి చెబుతాను, దీన్ని ఎవరూ పేదరికం అనుకోరు. మా సంఘంలో ఒకామె పొగాకు గ్రేడింగ్‌కు వెళ్లేది. ఆకు రంగు, మచ్చ చూసి రకాలు వేరు చేయాలి. నలభై ఐదు దాటాక మచ్చ ఆనడం మానేసింది. ఆకును చెయ్యి చాపి దూరంగా పట్టుకుని, మొహం చిట్లించి చూసేది. రెండు రకాలు కలిపేస్తోందని మేస్త్రీ పనికి రావద్దన్నాడు. ఇప్పుడు మిరపకాయల తొడిమలు తీస్తోంది. అది కిలో లెక్క, గ్రేడింగ్ కూలితో పోలిస్తే చాలా తక్కువ. ఆమెకు మేక ఇస్తారా, కుట్టుమిషన్ ఇస్తారా? సూదిలో దారం కూడా ఎక్కించలేదు.

విజన్ సెంటర్ అమ్మాయి:
అక్కా, ఇది చత్వారం. నలభై దాటిన దాదాపు ప్రతి ఒక్కరికీ వస్తుంది. నేను పల్లెల్లో కంటి పరీక్షలు చేస్తాను, రోజూ ఇలాంటివాళ్లే వస్తారు. చాలామంది "వయసు కదమ్మా" అని వదిలేస్తారు. దగ్గరి చూపు అద్దాలు మామూలు రకం తక్కువ ధరకే దొరుకుతాయి.

అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన 751 మంది కార్మికులతో ఒక పరీక్ష చేశారు. సగం మందికి దగ్గరి చూపు అద్దాలు ముందే ఇచ్చారు, మిగతావారికి పరీక్ష అయ్యాక ఇచ్చారు. అద్దాలు పెట్టుకున్నవాళ్లు కోసిన ఆకు మిగతావారితో పోలిస్తే దాదాపు 22 శాతం ఎక్కువ పెరిగింది. కిలో లెక్కన కూలి ఇచ్చే పనిలో దాని అర్థం మీకు తెలుసు. పొగాకు గ్రేడింగ్ మీద అలాంటి పరీక్ష నేను చూడలేదు, కానీ ఆకులో మచ్చ చూడటానికి కావలసింది కూడా దగ్గరి చూపే.

ఒక హెచ్చరిక. పెట్టెడు అద్దాలు తెచ్చి బల్ల మీద పోసి పంచవద్దు. నంబరు చూడాలి. శుక్లం ఉన్నవాళ్లను, చక్కెర వ్యాధితో కంటి లోపలి పొర (రెటీనా) దెబ్బతిన్నవాళ్లను పట్టుకుని ఆసుపత్రికి పంపాలి. వాళ్లకు అద్దాలిచ్చి పంపేస్తే ఇక డాక్టరు దగ్గరికి వెళ్లరు.

డల్లాస్ దోసె:
అద్దాలు! ఇది నాకు తట్టనే లేదు. మరి పొదుపు గారు చెప్పిన జూన్ అప్పుల కోసం చిన్న రుణాల నిధి పెడితే? వడ్డీ తక్కువగా, ఆడవాళ్ల పేరు మీద.

పాఠాల పంతులు:
చిన్న అప్పుల మీద ఆశలు ఎక్కువ పెట్టుకోవద్దు. హైదరాబాదులో 104 బస్తీలు తీసుకుని సగం బస్తీల్లో ఒక సూక్ష్మరుణ సంస్థ శాఖలు ముందుగా తెరిపించి చూశారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం చేసిన పని, వాళ్లకు 2019లో నోబెల్ వచ్చిన సంగతి తెలిసిందే. కొందరు వ్యాపారం కొంచెం పెంచుకున్నారు, ఇంటికి సామాన్లు కొనుక్కున్నారు, చిల్లర తిళ్ల ఖర్చు తగ్గించుకున్నారు. పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడవారి మాట చెల్లుబాటులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

పొదుపు లీడర్:
2010 మాకు గుర్తుంది, దోసె అన్నయ్యా. వారం వారం కట్టాలి, ఒకరు కట్టకపోతే గుంపంతా వాళ్ల గుమ్మం ముందు కూర్చోవాలి. ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చేదాకా వచ్చింది. అప్పు ఇవ్వడానికి మా సంఘాలున్నాయి, బ్యాంకులున్నాయి. మళ్లీ ఊళ్లో ఇంకో అప్పు పుస్తకం తెరవకండి. ఇచ్చేదైతే ఇచ్చేయండి.

రిటైర్డ్ క్యాషియర్:
దీనికి నా సంతకం కూడా వేసుకోండి. బంధుత్వాలున్న ఊళ్లో కమిటీ అప్పిస్తే డబ్బూ రాదు, పలకరింపూ మిగలదు.

గోదావరి గట్టు:
మరి అన్నదానం ఆపేయాలంటారా? నాకు మనసొప్పడం లేదు.

ఒంగోలు వాసి:
ఆపవద్దు. మర్రి గారి చందా వచ్చిందే అన్నదానం పేరు మీద. "కళ్లద్దాల నిధి" అని అడిగితే ఆ పెద్దలు పది రూపాయలు కూడా వేయరు. మాకు బైబిల్లో పరిగె మాట ఉంది. పొలం కోసేవాడు మూలలు పూర్తిగా కోయకూడదు, రాలిన వెన్ను ఏరుకోకూడదు, బీదలకూ పరదేశులకూ వదిలేయాలి. బైబిల్లోని రూతు అనే పేద వితంతువు అలా ఏరుకునే బతికింది. మీ పండుగ ఖర్చులోనూ మూలలు వదలండి. పండుగ ఉంటుంది, పరిగే ఉంటుంది.

బెజవాడ హేతువు:
మూలలు వదలడానికి ముందు మధ్యలో ఎంత ఉందో చూడండి. మర్రి గారూ, పోయిన ఏడు లెక్క ఇక్కడ పెట్టగలరా?

కట్టమీద మర్రి:
పెడుతున్నాను. భోజనం సరుకులు, వంటవాళ్లు కలిపి లక్షా ముప్పై ఐదు వేలు. షామియానా, మైకు, ఫ్లెక్సీలు, అతిథుల శాలువాలు కలిపి నలభై ఏడు వేలు. కమిటీలో ఎవరూ ఇప్పటిదాకా ఈ రెండో అంకె కూడి చూడలేదు.

బెజవాడ హేతువు:
అదీ మీ మూల. శాలువా కప్పించుకున్న ఏ ఒక్కరికీ చలి లేదనుకుంటాను. ఏప్రిల్ నెల కదా.

గోదావరి గట్టు:
హేతువు గారితో మొదటిసారి ఏకీభవిస్తున్నాను. తేదీ రాసిపెట్టుకోండి.

పాఠాల పంతులు:
మర్రి గారూ, అద్దాలిస్తే ఒక పని చేయండి. ఇచ్చే ముందు ఒక్కొక్కరూ ఏ పని చేస్తున్నారు, రోజుకు ఎంత వస్తోంది అని సంఘం పుస్తకంలో రాయించండి. వచ్చే గ్రేడింగ్ సీజనులో మళ్లీ అడగండి. ఎంతమంది అద్దాలు వాడుతున్నారో కూడా. ఇది పరిశోధన కాదు, వచ్చే ఏడు కమిటీలో వాదనకు ఆధారం. పనికిరాకపోతే మానేయడానికి కూడా అదే ఆధారం.

చార్మినార్ చాయ్:
ఉచితంగా ఇస్తే వాడరు, పది రూపాయలైనా తీసుకోవాలి అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ముందే అడుగుతున్నాను, మీ శాస్త్రం ఏమంటోంది?

పాఠాల పంతులు:
కెన్యాలో దోమతెరల మీద ఇదే తగాదాను పరీక్షించారు. ఉచితంగా పొందినవాళ్లు కూడా కొనుక్కున్నవాళ్లలాగే వాడారు. కొద్దిపాటి ధర పెట్టినా తీసుకునేవాళ్లు మాత్రం బాగా పడిపోయారు. అద్దాలకు అచ్చంగా అదే వర్తిస్తుందని చెప్పను, కానీ పది రూపాయల కోసం పట్టుబట్టడానికి నాకు కారణం కనిపించడం లేదు.

కట్టమీద మర్రి:
నిన్న రాత్రి ఫోనులో కమిటీ సమావేశం జరిగింది, రెండు గంటలు పట్టింది. తేలినవి చెబుతున్నాను. అన్నదానం ఉంటుంది. పప్పు, కూర, పులుసు, పెరుగు, ఒక్క తీపి. నడవలేనివాళ్లకు ఇంటికి క్యారియర్లు పంపుతాం, ఆ జాబితా ఆశా కార్యకర్త దగ్గర తీసుకుంటాం. వడ్డించే కమిటీ వాళ్లు చివరి బంతిలో కూర్చుని తింటారు. ఈ షరతు పెట్టింది మా అమ్మ. మైకు ఉంటుంది, ఫ్లెక్సీలు, శాలువాలు ఉండవు. దాని మీద ఇద్దరు అలిగారు, ఒకరు చందా వెనక్కి అడిగారు, ఇచ్చేశాం.

మిగిలిన డబ్బులో కంటి పరీక్షలు, అద్దాలు. అవసరమైనవాళ్లకు శుక్లం ఆపరేషనుకు వెళ్లివచ్చే బస్సు ఖర్చు, తోడు వెళ్లినవారికి ఒక రోజు కూలి. జూన్ కోసం కొంత విడిగా ఉంచాం, భర్త లేని ఆడవాళ్ల ఇళ్లలో బడి ఖర్చుకు నేరుగా చేతికి ఇస్తాం, తిరిగి అడగం. ఎవరెవరికన్నది పొదుపు సంఘాలవాళ్లే కలిసి రాస్తారు. కమిటీ ఆ జాబితాలో పేరు చేర్చదు, తీయదు.

పరీక్షలు ఎక్కడ పెట్టాలన్నది తేలలేదు. గుడి మండపమంటే కాలనీ ఆడవాళ్లు వస్తారో రారో. చర్చి హాలు ఇస్తామని పాస్టరు గారన్నారు, అక్కడికి మా పెద్దలు పంపుతారో లేదో.

పొదుపు లీడర్:
రెండూ వద్దు. పొగాకు గ్రేడింగ్ షెడ్డులో పెట్టండి, మధ్యాహ్నం భోజనం వేళ. పనిచేసేవాళ్లంతా అక్కడే ఉంటారు, కూలి పోగొట్టుకుని రానక్కరలేదు. ఆకు చేతిలో ఉండగానే అద్దాలు పెట్టి మచ్చ కనిపిస్తోందా లేదా అని చూడవచ్చు. షెడ్డు యజమానిని మేము అడుగుతాం.

విజన్ సెంటర్ అమ్మాయి:
షెడ్డులో వెలుతురు ఎలా ఉంటుందక్కా? దూరపు చూపు బోర్డుకు మూడు మీటర్లయినా ఖాళీ గోడ కావాలి.

పొదుపు లీడర్:
తూర్పు గోడ ఖాళీగానే ఉంటుంది. కట్టిన పొగాకు తోరణాలు దించేసిన తరువాత అయితే ఇంకా చోటు వస్తుంది. ఒక్క షరతు, మర్రి అన్నయ్యా. అద్దాలు పెట్టుకున్నవాళ్లను వరుసగా నిలబెట్టి ఫోటో తీయకూడదు.

డల్లాస్ దోసె:
ఇక్కడ చందా ఇచ్చినవాళ్లు ఫోటో అడుగుతారండీ. ఏదో ఒకటి పంపాలి కదా.

పొదుపు లీడర్:
సంఘం పుస్తకంలో లెక్క రాసిన పేజీ ఫోటో తీసి పంపిస్తాను. పేర్లు కప్పేసి.